పన్నెండో గది చర్మవ్యాధులు

అధ్యక్షస్థానంలో ఉన్న సూపరింటెండెంట్ గారికి, వేదిక మీద ఉన్న సర్జన్ గారికి, మా నర్సింగ్ కళాశాల ప్రిన్సిపాల్ మేడమ్‌కి, ఈ మధ్యాహ్నం కోసం డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన సిస్టర్లకి, మార్చుకోవడం కుదరక తలుపు దగ్గర నిలబడి ఒక చెవి ఇటూ ఒక చెవి వార్డువైపూ పెట్టి వింటున్న సిస్టర్లకి, ఆయమ్మలకి, ల్యాబు వాళ్ళకి, నా తోటి విద్యార్థులకి, అందరికంటే ముఖ్యంగా ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా హెడ్ సిస్టర్ గారికి నమస్కారం.

నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. అందులో ఒకటి నమస్కారానికే అయిపోయింది. (నవ్వులు)

విద్యార్థుల తరఫున మాట్లాడమని నన్ను పిలిచారంటే నా ప్రతిభ చూసే పిలిచారని ఇంట్లో చెప్పుకున్నాను. నిజానికి మా సీనియర్లకి వచ్చే వారం పరీక్షలు, జూనియర్లకి మైకంటే భయం, మధ్యలో మిగిలింది నేను. అయినా సరే, వచ్చిన అవకాశాన్ని వదలకూడదని పది రోజులుగా నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. 'కరుణామయి', 'సేవామూర్తి', 'త్యాగశీలి' లాంటి మంచి మంచి మాటలన్నీ ఏరి ఒక కాగితం మీద రాసుకున్నాను. నాకంటే ముందు మాట్లాడిన నలుగురు పెద్దలూ ఒక్కొక్కటిగా వాటన్నిటినీ వాడేశారు. (నవ్వులు) 'త్యాగశీలి' అయితే సర్జన్ గారే రెండుసార్లు వాడారు. కాబట్టి నా దగ్గర ఇప్పుడు విశేషణాలు లేవు. జరిగిన సంగతి ఒకటి ఉంది, అదే చెబుతాను.

మా హెడ్ సిస్టర్‌ని ఆసుపత్రి అంతా తాళాల సిస్టర్ అంటుంది. ఆ మాట ఆవిడకి తెలియదని మేం అనుకుంటాం, తెలుసని ఆవిడ మాకు తెలియనివ్వరు. నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి. మందుల బీరువా, దుప్పట్ల గది, ఆక్సిజన్ సిలిండర్ల గది, ఇంకా మొదటి అంతస్తులో వరండా చివర ఉన్న పన్నెండో నంబరు గది. ఆ గదిలో ఒకటే మంచం, ఒక కిటికీ, తిరిగితే చప్పుడు చేసే ఫ్యాను. అంటువ్యాధి ఉన్న చర్మరోగులని విడిగా ఉంచడానికి అని గోడ మీద బోర్డు ఉంటుంది. నేను మొదటి సంవత్సరంలో చేరిన కొత్తలో ఆ గదిలోకి వెళ్ళే రోగులందరి చర్మమూ నాకంటే నున్నగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. (నవ్వులు) అడిగితే సిస్టర్ నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు మీ అందరికీ తెలుసు. నేను వెళ్ళి థర్మామీటర్లు కడుక్కున్నాను.

ఆ గది సంగతి నాకు పూర్తిగా తెలిసింది మా అక్క వల్ల.

మా అక్క ట్రాన్స్ మహిళ. ఆమెని అడిగే ఈ మాట చెబుతున్నాను, అదిగో వెనక వరసలో మా అమ్మ పక్కన కూర్చుని 'తొందరగా కానీ' అని సైగలు కూడా చేస్తోంది. చిన్నప్పుడు ఇంట్లో అందరూ ఆమెని అబ్బాయి అనుకున్నారు. నేను మాత్రం మాటలు వచ్చిన దగ్గర్నుంచి అక్కా అనే పిలిచానట. అందులో నా గొప్ప ఏమీ లేదు, నాకు జడలు వేసేది ఆమే కాబట్టి అక్క అయ్యుంటుందని అనుకుని ఉంటాను. ఇప్పుడు ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఈ హాల్లోనే ఆమె శిష్యులు ముగ్గురున్నారు. పేర్లు చెప్పను కానీ, ఆసుపత్రి వెనక గోడకి ఉన్న మూడు సొట్టలు ఎవరివో ఆమెకి తెలుసు. (నవ్వులు) 'రివర్స్ నేర్పేలోపే సర్టిఫికెట్ పట్టుకుపోయారే' అని ఇప్పటికీ బాధపడుతుంది.

అక్కకి ఉబ్బసం. చలికాలం వస్తే ఏడాదికోసారి ఇక్కడ చేరక తప్పదు. చేరాలంటే ముందు కౌంటరు దాటాలి. కౌంటరు దగ్గర కంప్యూటరు ఆడా మగా అని అడుగుతుంది, అది నొక్కితే గానీ చీటీ రాదు. ఆ ప్రశ్నని గుమాస్తా గారు వెనకున్న నలభై మందికీ వినపడేలా అడుగుతారు. అక్క ఏం చెప్పినా, గుర్తింపు కార్డులో ఏముందో, గొంతు ఎలా ఉందో, మొహం ఎలా ఉందో, వీటి మీద అక్కడ ఒక చిన్న సభ జరుగుతుంది. ఊపిరాడని మనిషి ఆ సభకి ముఖ్య అతిథి. అప్పుడు తాళాల చప్పుడు వినిపిస్తుంది. సిస్టర్ వస్తారు, చీటీ మీద 'చర్మవ్యాధి, విడిగా ఉంచాలి' అని రాస్తారు, అక్కని తీసుకెళ్ళి పన్నెండో గదిలో పడుకోబెట్టి నెబ్యులైజర్ పెడతారు. చర్మవ్యాధి అంటే ఎవరూ దగ్గరికి రారు, ఏ వార్డని అడగరు, తొంగి చూడరు. మన ఆసుపత్రిలో సంతకాలు లేకుండా ఒక గది తలుపు తెరవగలిగిన మాట అదొక్కటే.

ఇరవై రెండేళ్ళ క్రితం కాలు విరిగిన ఒక ట్రాన్స్ మహిళని రెండు వార్డులూ కాదంటే, వరండాలో స్ట్రెచర్ మీద ఒక పగలంతా ఉంచేస్తే, అప్పుడు కొత్తగా వార్డు ఇన్‌చార్జి అయిన మా సిస్టర్‌కి తట్టిన ఉపాయం అది. ఆ రోజు నుంచి ఎముక విరిగినా, కిడ్నీలో రాయి ఉన్నా, జ్వరమొచ్చినా, ఆవిడ చేతిలో పడిన ప్రతి ట్రాన్స్ రోగికీ కాగితం మీద చర్మవ్యాధే. కడుపు నిండా తిండి, శుభ్రమైన దుప్పటి, సరైన మందు. మాట మాత్రం అబద్ధం.

మూడో వరసలో కూర్చున్న మా చర్మవ్యాధుల డాక్టరు గారు ఒకసారి సదస్సులో మన ఆసుపత్రి లెక్కలు చదివి, ఇక్కడ చలికాలంలో చర్మవ్యాధులు ఎందుకు పెరుగుతున్నాయో పరిశోధించాలని చెప్పారట. సార్, పరిశోధన పూర్తయింది. (పెద్దగా నవ్వులు)

ఇంతవరకు ఇది వీడ్కోలు సభలో చెప్పుకోదగ్గ కథే. ఇక్కడితో ఆపేసి కూర్చుంటే నాకు మంచి పేరు కూడా వస్తుంది. కానీ నిరుడు ఒకసారి క్యాంటీన్లో నేనూ సిస్టరూ ఒక విషయం మీద వాదించుకున్నాం, ఆ వాదన ఇంకా ముగియలేదు.

వైద్యసేవల్లో ట్రాన్స్ వ్యక్తులపై వివక్షని ఆపడానికి ఒక చట్టం తేవాలని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది కదా, ఆ వార్త చదివి నేను పొంగిపోతూ సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ టీలో బిస్కెట్ ముంచుకుంటూ, "చట్టం వస్తే ఏమొస్తుందే, కౌంటర్లో ఇంకో కాగితం పెరుగుతుంది. మనిషికి మనసుండాలి గానీ," అన్నారు.

"మనసు లేనివాళ్ళ సంగతేంటి సిస్టర్?" అన్నాను.

"వాళ్ళు చట్టాన్ని మాత్రం చదువుతారా? చదివే అలవాటే ఉంటే ముందు డ్యూటీ చార్టు చదివేవాళ్ళు," అన్నారు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుకి ఆవిడ గెలిచారు.

మూడు నెలల క్రితం సిస్టర్ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని పదిహేను రోజులు సెలవు పెట్టారు. ఇరవై రెండేళ్ళలో అంత పొడుగు సెలవు అదే మొదటిసారట. ఆ సెలవులో ఆరో రోజు, ఒక బుధవారం, ఒక విద్యార్థికి మలుపులు నేర్పుతుండగా అక్కకి కుడివైపు కడుపులో నొప్పి మొదలైంది. బండి తనే నడుపుకుంటూ పదకొండింటికి ఇక్కడికి వచ్చింది. కౌంటర్లో మామూలు సభ జరిగింది. తాళాల చప్పుడు మాత్రం లేదు. మగవాళ్ళ వార్డులో కుదరదన్నారు. ఆడవాళ్ళ వార్డులో మిగతా పేషెంట్లు ఒప్పుకోరన్నారు. పేషెంట్లని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత నాలుగో నంబరు మంచం మీద ఉన్న అవ్వ నాతో అంది, "నన్నెవరే అడిగింది? పక్క మంచం ఖాళీగా ఉండి రెండ్రోజుల నుంచి మాట్లాడే దిక్కు లేక చస్తున్నాను," అని. (నవ్వులు)

చివరికి డ్యూటీ డాక్టరు గారు వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. పద్ధతి ప్రకారం పాత కేస్ షీట్లు తెప్పించి చూశారు. నాలుగుసార్లు చేరిన రోగి, నాలుగుసార్లూ 'చర్మవ్యాధి, విడిగా ఉంచాలి.' కింద మన హెడ్ సిస్టర్ సంతకం. ఈ ఆసుపత్రిలో ఆ సంతకాన్ని అనుమానించే డాక్టరు ఇంకా పుట్టలేదు. ఆయన అక్క కడుపు మీద చెయ్యి వేయలేదు. అవతలి భవనంలో ఉన్న చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళమని రాశారు. ఆ ఓపీ ఒంటిగంటకి మూసేస్తారు. అక్క గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళేసరికి ఒంటిగంటా పది.

ఆ సమయంలో నేను ఎక్కడున్నానో తెలుసా? సరిగ్గా ఆ ఓపీకి పై అంతస్తులో, ప్రాక్టికల్స్ గదిలో, ప్లాస్టిక్ బొమ్మకి కట్టు కడుతున్నాను. ఆ బొమ్మ ఆడా కాదు, మగా కాదు, దాని భాగాలు విప్పి ఏవి కావాలంటే అవి బిగించవచ్చు. దానికి సొంత మంచం ఉంది. రోజూ దుప్పటి మారుస్తాం. ముట్టుకునే ముందు 'మీకు కట్టు కట్టవచ్చా అండీ' అని అడగడం దాని మీదే నేర్చుకుంటాం, అడగకపోతే మార్కులు తీసేస్తారు.

రెండున్నరకి ఫోన్ మోగింది. "ఏమే, మీ ఆసుపత్రిలో పడుకోవాలంటే ఏం చదివి రావాలి?" అని అడిగింది అక్క. ఆ మాట నవ్వుతూనే అంది. తర్వాతి మాట రాలేదు.

(మంచినీళ్ళు తాగి)

మూసేసిన ఓపీ తలుపు దగ్గర కూలబడి ఉన్న అక్కని మేం ఇద్దరు విద్యార్థులం స్ట్రెచర్ మీద తోసుకుంటూ సర్జన్ గారి గది ముందుకి తీసుకెళ్ళాం. అపెండిక్స్ అప్పటికే పగిలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. తర్వాత సర్జన్ గారు ఆడవాళ్ళ వార్డు తలుపు దగ్గర నిలబడి "ఈమె నా పేషెంటు, ఐదో నంబరు మంచం, ఇంక మాట్లాడొద్దు," అన్నారు. ఎవరూ మాట్లాడలేదు, అవ్వ తప్ప. పదకొండు రోజులు అక్కకి అవ్వ కబుర్లు, అవ్వకి అక్క డ్రైవింగ్ పాఠాలు. గేర్లన్నీ నోటికి వచ్చేశాయి అవ్వకి. సార్, రెండుసార్లు 'త్యాగశీలి' అన్నందుకు నేను మిమ్మల్ని క్షమించాను. (నవ్వులు, చప్పట్లు)

సిస్టర్ సెలవు ముగించుకుని నల్లకళ్ళజోడుతో వచ్చారు. సరాసరి ఐదో మంచం దగ్గరికి వచ్చి కేస్ షీట్ తీశారు. పాత కాగితాలు ఒక్కొక్కటీ తిప్పారు. కళ్ళజోడు తీసేశారు. డాక్టరు తీయకూడదన్నారు కదా సిస్టర్ అని నేనంటున్నా వినలేదు.

"ఈ రాత నాదే," అన్నారు.

అక్క ఊరడించబోయింది. "మీరు లేరు కాబట్టి అలా అయింది సిస్టర్, ఉంటే..." అంది.

"అదే కదమ్మా నేననేది," అన్నారు సిస్టర్. "నేను పదిహేను రోజులు లేకపోతే ఆగిపోయేదాన్ని పట్టుకుని ఇన్నాళ్ళు ఏదో చేస్తున్నాననుకున్నాను. ఆగిపోవడం కూడా కాదు. నేను రాసిందే నిన్ను ఆ భవనానికి పంపింది."

మర్నాడు ఇంకో సంగతి బయటపడింది. చట్టం కమిటీ వాళ్ళు పెద్దాసుపత్రులన్నిటికీ అంతకుముందే ఒక ప్రశ్న పంపారట. గత ఇరవై ఏళ్ళలో ఎంతమంది ట్రాన్స్ వ్యక్తులు మీ దగ్గర చేరారు, వాళ్ళకి ఎదురైన ఇబ్బందులేమిటి అని. మన ఆఫీసు నుంచి జవాబు వెళ్ళింది. చేరినవాళ్ళు లేరు, ఇబ్బందులు లేవు. ఆ జవాబు టైపు చేసిన గుమాస్తా గారు అబద్ధం ఆడలేదు. రిజిస్టర్లు అన్నీ తిరగేశారు, ఒక్కరూ కనిపించలేదు. మా సిస్టర్ అంత జాగ్రత్తగా దాచారు. ఇబ్బందే లేని చోట చట్టం ఎందుకని కమిటీలో ఎవరో మన ఆసుపత్రినే ఉదాహరణగా చూపించారని పేపర్లో వచ్చింది.

ఆ పేపరు తెచ్చి క్యాంటీన్ టేబుల్ మీద సిస్టర్ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చదివారు. తర్వాత, "రికార్డు గది తాళం ఏదే?" అన్నారు. ఆ గుత్తిలో లేని తాళం అదొక్కటే.

మూడు ఆదివారాలు మేమిద్దరం ఆ దుమ్ములో కూర్చున్నాం. నేను రిజిస్టరు తిప్పడం, తుమ్మడం. ఆవిడ వేలు పెట్టి చూపించడం. "ఈమెది కాలు. ఈమెకి కామెర్లు, ఫ్యాను చప్పుడుకి నిద్ర పట్టేది కాదు పాపం. ఇతను మగవాడిగా బతికేవాడు, మెకానిక్కు, ప్రసూతి విభాగానికి వెళ్ళాల్సి వచ్చింది, మొహం చూపించలేక దుప్పటి కప్పుకుని వచ్చాడు." అలా ముప్పై ఏడుగురు తేలారు. ఒక పేరు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. "ఈమె జ్వరంతో వచ్చి బాగై వెళ్ళింది. మళ్ళీ నెలకి వచ్చిందట, ఆ రోజు నాకు వారపు సెలవు. గేటు దగ్గరే అడిగి, సిస్టర్ లేరంటే వెనక్కి వెళ్ళిపోయిందట." తర్వాత ఏమైందని అడిగాను. "ఎవరికి తెలుసే," అన్నారు.

సిస్టర్ ఒక ఉత్తరం రాశారు. పేర్లు ఒక్కటీ లేవు, ముప్పై ఏడు జబ్బులు ఉన్నాయి, అసలైనవి. ఆ చర్మవ్యాధులన్నీ తను రాసిన తప్పు రాతలని, ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా ఉంది. దొరికినవాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఒప్పుకున్నవాళ్ళ కేస్ షీట్లు మాత్రమే సరిచేయమని కోరారు. పోయిన వారం స్టాఫ్ మీటింగులో ఆవిడే లేచి అందరి ముందూ చదివారు, మీరూ విన్నారు. ఇంకో వారంలో రిటైరయ్యే మనిషి తన తప్పు తనే రాసివ్వడం ఎందుకని, విచారణ పడుతుందని చాలామంది వారించారు. "రిటైరయ్యాక నాకు మాత్రం పనేముంది, విచారణకి పిలిస్తే వస్తాను, టీ ఇస్తారుగా," అన్నారు ఆవిడ. (నవ్వులు)

ఆ ఉత్తరం చివరి వాక్యం నేను రాయమన్నది కాదు. ఆవిడే రాశారు. "నా మంచితనం మీద ఆధారపడాల్సిన పరిస్థితి ఏ రోగికీ ఉండకూడదు కనుక, ఈ చట్టం కావాలి." క్యాంటీన్లో మొదలైన వాదనలో నేను గెలిచానని అనుకోవచ్చు. కానీ గెలవడం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు.

చట్టం అంటే నాకు పెద్దగా తెలియదు, నేను చదివేది నర్సింగు. ఆ ముసాయిదాలో ఉన్నవి చూస్తే భయపడాల్సినవేమీ కనిపించలేదు. రోగి తను ఎవరని చెబితే ఆ వార్డులో మంచం ఇవ్వాలి. ఆ వివరం నలుగురిలో అరిచి అడగకూడదు. వైద్యం నిరాకరించినా, తిప్పించి ఆలస్యం చేసినా జవాబు చెప్పాలి. ఫిర్యాదు తీసుకునే మనిషి ఒకరుండాలి. మాకు తొమ్మిది వందల పేజీల పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలు కాకుండా ఒక పాఠం ఉండాలి. ఇందులో చాలావరకు సిస్టర్ ఇరవై రెండేళ్ళు ఒక్క చేత్తో చేసినవే. ఒక మనిషి చేయగలిగింది ఒక ఆసుపత్రికి మరీ ఎక్కువేమీ కాదు. చట్టానికి శుక్లాలు రావు, అరవై నిండవు, ఆదివారాలు ఉండవు. మనసున్నవాళ్ళకి అది అక్కర్లేకపోవచ్చు. ఆ డ్యూటీ డాక్టరు గారికి మాత్రం అది ఆ బుధవారం పనికొచ్చేది, ఆయనే నాతో అన్నారు. ఆ రోజు నుంచి పాత కేస్ షీట్ తెరిచే ముందు రోగినే చెయ్యి వేసి చూస్తున్నారట.

ఇప్పుడు సిస్టర్ నన్ను ఎత్తొద్దన్న మాట ఒకటి ఎత్తుతాను. "సూపరింటెండెంట్ గారు మొహమాటపడతారే, పండగలా జరిగే సభలో అది వద్దు," అన్నారు. క్షమించండి సిస్టర్. సార్, ఆ ఉత్తరం మీ సంతకంతో కమిటీకి వెళ్ళాలి. గడువు మంగళవారం. ఈ పొద్దున పూలగుత్తి మీ గదిలో పెట్టడానికి వచ్చినప్పుడు చూశాను, అది ఇంకా మీ టేబుల్ మీదే ఉంది. ఆసుపత్రి పేరు పోతుందని మీ బెంగ, అది నాకు అర్థమవుతుంది. తప్పు జవాబు పంపిన ఆసుపత్రులు ఎన్నో ఉండొచ్చు. దిద్దుకుని మళ్ళీ పంపిన ఆసుపత్రి అని మనకి పేరు వస్తే తప్పా సార్?

(అధ్యక్షులు: రేపు చూద్దాం లేమ్మా.)

రేపు ఆదివారం సార్. (నవ్వులు)

(అధ్యక్షులు: సరే సరే. సోమవారం పొద్దున్నే పంపిస్తాను. ఇంక కూర్చో.)

సోమవారం పొద్దున్న. అందరూ విన్నారు కదా. (చప్పట్లు) కూర్చుంటాను సార్, ఒక్క నిమిషం.

సిస్టర్, రోగి చెయ్యి పట్టుకోవడం మీ దగ్గరే నేర్చుకున్నాను. తప్పు చేస్తే ఏం చేయాలో కూడా మీ దగ్గరే చూశాను, అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నన్ను ఓపికగా విన్న పెద్దలకి, మైకు నా ఎత్తుకి దించిపెట్టిన ఎలక్ట్రీషియన్ అన్నకి, మూడు నిమిషాలని ఇంత సాగదీసినా గంట కొట్టని ప్రిన్సిపాల్ మేడమ్‌కి కృతజ్ఞతలు.

చట్టం ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. గురువారం మాత్రం మా అక్క ఛాతీ చెకప్‌కి వస్తోంది. సిస్టర్ ఉండరు. నాకు ప్రాక్టికల్స్, నేనూ ఉండను. తోడు రానా అని అమ్మ అడిగితే వద్దంది. ఒక్కతే వస్తుంది, కౌంటరు దగ్గర తన సంగతి తనే చెప్పుకుంటుంది. గుమాస్తా గారూ, రెండో వరసలో ఉన్నారు కదా, మీరు కొంచెం మెల్లగా అడగండి. ఆమె ఏం చెబితే అది నొక్కండి. జబ్బు అన్నచోట ఉబ్బసం అని రాయండి.

ఇక సెలవు.